డైనమో కాలం, చార్జింగ్ షాపులు

వాహనం బ్యాటరీకి ఎన్ని వోల్టుల దగ్గర చార్జింగ్ అదుపులో ఉండాలన్నది ఇప్పుడు ఫ్యాక్టరీలోనే ఖరారైపోతుంది. 1960ల నుంచి 1980ల దాకా తెలుగు ప్రాంతాల్లో తిరిగిన కార్లు, జీపులు, లారీలు, ట్రాక్టర్లలో చాలావాటికి ఆ లెక్కను మనిషి చేత్తో సరిచేసేవాడు. ఇంజిన్ పక్కన రేకుకు బిగించిన నల్లమూత పెట్టెలో అందుకోసమే ఒక స్క్రూ ఉండేది. దాన్ని తిప్పడం ఆటో ఎలక్ట్రీషియన్ పని. తిప్పింది సరిపోయిందో లేదో రోడ్డు మీద కనిపెట్టడం డ్రైవరు పని. అయినా దిగిపోయిన బ్యాటరీని మళ్లీ నింపి నిలబెట్టడం చార్జింగ్ షాపు పని. ఒక్క బ్యాటరీ చుట్టూ ముగ్గురి తెలివి అల్లుకుని ఉండేది. ఎవరికి తెలిసింది వాళ్లు చెబితేనే మిగతా ఇద్దరి పనీ సాగేది. ఆ ఏర్పాటు ఒక తరం గడిచేలోగా దాదాపుగా మాయమైంది.

తారు పోసిన పెట్టె

సీసం, గంధకామ్లాలతో పనిచేసే బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్తాన్ ప్లాంటే రూపొందించాడు. దాని రసాయన సూత్రం నేటికీ మారలేదు. ఒక్కో సెల్ సుమారు 2 వోల్టులు ఇస్తుంది. మూడు సెల్స్ కలిస్తే 6 వోల్టులు, ఆరు కలిస్తే 12. పెద్ద లారీలు, బస్సుల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి 24 వోల్టులు తెచ్చేవారు.

మారింది పెట్టె. ఆనాటి బ్యాటరీ పెట్టె నల్లని గట్టి రబ్బరుతో ఉండేది. సెల్స్ మూతల చుట్టూ తారు పోసి గాలి చొరకుండా మూసేవారు. సెల్‌కూ సెల్‌కూ మధ్య సీసపు పట్టీలు పైకే కనిపిస్తూ ఉండేవి. అందువల్ల ఏ సెల్ వోల్టేజిని ఆ సెల్ దగ్గరే చూడగలిగేవారు. రెండు ఇనుప ముళ్లు, వాటి మధ్య మందపాటి నిరోధక పట్టీ, పైన చిన్న మీటరు ఉన్న సెల్ టెస్టర్‌ను పట్టీల మీద గుచ్చి పట్టుకుంటే, భారీ కరెంటు లాగినప్పుడు ఆ సెల్ నిలబడుతోందో కుంగిపోతోందో తేలిపోయేది.

ఆరింటిలో ఒక్క సెల్ చచ్చిపోతే మొత్తం బ్యాటరీని పారెయ్యాల్సిన అవసరం ఉండేది కాదు. తారును వేడిచేసి తీసి, సీసపు పట్టీని కోసి, ఆ సెల్ ప్లేట్ల కట్టను పైకి లాగేవారు. కొత్త ప్లేట్లు పెట్టి, పాజిటివ్, నెగటివ్ ప్లేట్లు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో సెపరేటర్లు దూర్చేవారు. తొలినాళ్లలో ఈ సెపరేటర్లు పల్చని చెక్కవి, తర్వాత రబ్బరు, ప్లాస్టిక్‌వి వచ్చాయి. మరో బ్యాటరీ కరెంటుతోనే కార్బన్ కడ్డీ కొనను ఎర్రగా కాల్చి, దానితో సీసం కరిగించి పట్టీని అతికేవారు. చివర మళ్లీ తారు పోస్తే బ్యాటరీ రోడ్డెక్కేది.

నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ కాసేపు కదలకుండా ఉన్నాక 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది. 12 వోల్టుల దాకా దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. నింపాలంటే దానికన్నా పైనున్న వోల్టేజి కావాలి. 13.5 వోల్టుల కింద ఉంటే నిండడానికి చాలాసేపు పడుతుంది. 14.4 వోల్టులు దాటితే, అంటే సెల్‌కు 2.4 వోల్టులు మించితే, నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలుగా పోవడం ఎక్కువవుతుంది. ఒక వోల్టు కూడా వెడల్పు లేని ఈ సందులో బండి చార్జింగ్‌ను నిలపడానికే ఆ పెట్టె, ఆ స్క్రూ, ఆ పనితనమంతా.

డైనమో, కటౌట్

ఫ్యాన్ బెల్టుతో తిరిగే డైనమో నేరుగా డీసీ కరెంటు పుట్టించేది. తిరిగే ఆర్మేచర్ చివర రాగి కమ్యుటేటర్, దాని మీద స్ప్రింగుతో ఒత్తుకుని ఉండే కార్బన్ బ్రష్‌లు దాని ప్రాణం. ఆ కాలపు కార్ల డైనమోలు ఎంత వేగంగా తిరిగినా 20 ఆంపియర్ల అటూ ఇటూ ఇచ్చేవి. రెండు హెడ్‌లైట్లకే ఏడెనిమిది ఆంపియర్లు పోయేవి. పైగా ఇంజిన్ నిదానంగా తిరుగుతున్నప్పుడు డైనమో వోల్టేజి బ్యాటరీ వోల్టేజిని అందుకునేది కాదు. అలాంటప్పుడు రెండింటినీ కలిపే ఉంచితే కరెంటు బ్యాటరీ నుంచి డైనమోలోకి వెనక్కి పారుతుంది.

ఆ వెనుకపాటును ఆపేది కటౌట్. ఇనుప ముద్ద మీద రెండు తీగచుట్లు, పైన ఒక పలక, రెండు కాంటాక్ట్ పాయింట్లు, అంతే దాని నిర్మాణం. సన్నతీగ చుట్టు డైనమో వోల్టేజిని కనిపెట్టుకుని ఉంటుంది. అది 13 వోల్టుల దరిదాపుకు రాగానే పలక కిందికి లాగబడి పాయింట్లు కలుస్తాయి, చార్జింగ్ మొదలవుతుంది. ఇంజిన్ వేగం తగ్గి కరెంటు ఎదురు తిరగ్గానే మందతీగ చుట్టు ఆ పట్టును సడలిస్తుంది, పాయింట్లు విడిపోతాయి. పాయింట్లు కాలి ఒకదానికొకటి అతుక్కుపోతే మాత్రం ప్రమాదమే. ఇంజిన్ ఆపినా బ్యాటరీ డైనమోలోకి ఖాళీ అవుతూనే ఉండేది, తీగలు వేడెక్కి కాలిన వాసన వచ్చేది. అప్పుడు డ్రైవరు ముందుగా చేసే పని బ్యాటరీ టెర్మినల్ ఊడదీయడం.

అదే పెట్టెలో రెండో తీగచుట్టు రెగ్యులేటర్‌ది. డైనమో వోల్టేజి హద్దు మీరగానే దాని పాయింట్లు విడిపోయి ఫీల్డ్ తీగ దారిలో ఒక నిరోధకాన్ని అడ్డం పెడతాయి. వోల్టేజి తగ్గగానే మళ్లీ కలుస్తాయి. సెకనుకు పదుల సార్లు ఇలా కలిసి విడిపోతూ సగటున ఒక వోల్టేజిని నిలబెడతాయి. మూత తీసి చెవి దగ్గర పెడితే సన్నని రొద వినిపించేది. పాత కార్లలో విరివిగా కనిపించిన లూకాస్ తరహా పెట్టెలకు ఏ, ఏ1, ఎఫ్, డి, ఇ అని టెర్మినళ్లు ఉండేవి. మద్రాసు శివారు పాడిలో లూకాస్-టీవీఎస్ 1960ల తొలినాళ్లలో మొదలయ్యాక డైనమోలు, స్టార్టర్లు, వాటి విడిభాగాలు దేశంలోనే తయారై దక్షిణాది పట్టణాలకు చేరాయి.

స్క్రూ తిప్పే పద్ధతి

రెగ్యులేటర్ సెట్టింగ్ చూడటానికి ముందు బెల్టు చూడాలి. రెండు పుల్లీల మధ్య బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళం పైచిలుకు దిగాలి. అంతకన్నా వదులుగా ఉంటే ఎన్ని స్క్రూలు తిప్పినా ప్రయోజనం లేదు. తర్వాత బ్రష్‌లు, కమ్యుటేటర్. నల్లబడిన కమ్యుటేటర్‌ను ఉప్పుకాగితంతో తుడిచి, రాగి ముక్కల మధ్య గాళ్లలో చేరిన కార్బన్ పొడిని విరిగిన రంపపు బ్లేడుతో గీకేవారు. ఇవన్నీ బాగున్నాయని తేలాకే పెట్టె మూతకు చెయ్యి వెళ్లేది.

పద్ధతి ఇలా సాగేది. ఏ, ఏ1 టెర్మినళ్ల తీగలు తీసి ఒకదానితో ఒకటి కలిపేవారు. దాంతో ఇంజిన్ బ్యాటరీ మీదే నడుస్తుంది, డైనమో మాత్రం ఒంటరిగా మిగులుతుంది. డి, ఇ టెర్మినళ్ల మధ్య వోల్ట్ మీటర్ తగిలించి ఇంజిన్‌ను నెమ్మదిగా పెంచేవారు. ముల్లు ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట చిన్నగా అదిరి నిలబడిపోతుంది. ఆ నిలబడిన అంకే సెట్టింగ్. బరువు లేకుండా చూసే ఈ అంకె 16 వోల్టుల దరిదాపులో ఉండాలి. బండిలో కలిపాక కరెంటు పారేకొద్దీ మందతీగ చుట్టు ఆ వోల్టేజిని తనంతట తానే కిందికి దించుతుంది కాబట్టి అసలు చార్జింగ్ అంతకంటే తక్కువలో జరుగుతుంది.

అంకె తేడాగా ఉంటే లాక్‌నట్ వదులుచేసి స్క్రూను కొద్దికొద్దిగా తిప్పేవారు. కుడికి తిప్పితే స్ప్రింగు బిగిసి వోల్టేజి పెరుగుతుంది, ఎడమకు తిప్పితే తగ్గుతుంది. పావు చుట్టు కూడా ఎక్కువే. అరనిమిషంలో పని ముగించాలి, ఆలస్యమైతే తీగచుట్టు వేడెక్కి అంకె తప్పు చూపిస్తుంది. లాక్‌నట్ బిగించి, మూత పెట్టి మరోసారి చూస్తేనే నమ్మకం. బిగించేటప్పుడు స్క్రూ కాస్త కదిలితే చేసినదంతా వృథా.

ఎండకూ ఈ లెక్కకూ సంబంధం ఉంది. బ్యాటరీ వేడెక్కితే తక్కువ వోల్టేజికే చార్జింగ్ తీసుకుంటుంది. అందుకే తయారీదారుల పట్టికల్లో 10 డిగ్రీల వాతావరణానికి ఒక అంకె, 40 డిగ్రీలకు అంతకంటే తక్కువ అంకె ఉండేవి. పెట్టెలోని బైమెటల్ పట్టీ ఈ సవరణను కొంతవరకు తానే చేసుకునేది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల వేసవిలో తిరిగే బండికి అది చాలేది కాదు. నెలకోసారి నీళ్లు పోస్తే సరిపోయే బ్యాటరీ వారానికోసారి అడుగుతోందంటే వోల్టేజిని కాస్త దించాలని ఎలక్ట్రీషియన్‌కు అర్థమయ్యేది. రాత్రిపూట హెడ్‌లైట్లతో మద్రాసు–కలకత్తా రోడ్డు మీద నడిచే లారీకీ, పగలు ఊళ్లో నాలుగు మైళ్లు తిరిగి ఆగే డాక్టరుగారి కారుకూ ఒకే సెట్టింగ్ కుదరదు. బండి ఏ పని చేస్తుందో అడిగి తెలుసుకున్నాకే స్క్రూ తిప్పడం మంచి పనివాడి లక్షణం.

మరమ్మతు చేసిన డైనమోను బిగించాక ఎఫ్ టెర్మినల్‌కు బ్యాటరీ తీగను ఒక్క క్షణం తాకించేవారు. చిన్న రవ్వ లేచేది. లోపలి ఇనుములో మిగిలే అయస్కాంత శక్తి సరైన దిశలో నిలవడానికి అది అవసరం. బ్రిటిష్ తరహా పాత కార్లలో బ్యాటరీ ప్లస్ వైపును బాడీకి కలిపేవారు, తర్వాతి వాటిలో మైనస్‌ను. ఏ బండికి ఏది ఎర్త్ అన్నది చూడకుండా ఈ రవ్వ పుట్టిస్తే డైనమో తలకిందులుగా కరెంటు ఇచ్చేది.

అమ్మీటర్ ముల్లు

చార్జింగ్ ఎలా ఉందో డ్రైవరుకు చెప్పేవి రెండే, అమ్మీటర్, ఎర్రదీపం. జీపుల్లో, ట్రాక్టర్లలో, లారీల్లో అమ్మీటర్ మామూలు. బుల్లెట్ మోటార్‌సైకిల్‌కు హెడ్‌లైట్ తొడుగు మీదే అది ఉండేది. సున్న మధ్యలో, ఒకవైపు ప్లస్, మరోవైపు మైనస్. చాలా కార్లలో మీటరుకు బదులు ఎర్రదీపం ఉండేది. డైనమో వోల్టేజి బ్యాటరీతో సమానమయ్యేసరికి దీపానికి రెండు వైపులా ఒకే ఒత్తిడి ఏర్పడి ఆరిపోతుంది. దీపం ఆరడం చార్జింగ్ మొదలైందన్నంత వరకే చెబుతుంది, ఎంత ఎక్కుతోందో చెప్పదు.

అమ్మీటర్ మరికాస్త ఎక్కువ చెప్పేది. సెల్ఫ్ కొట్టి ఇంజిన్ అందుకున్నాక ముల్లు ప్లస్ వైపు బాగా లేచి, కొంత దూరం పోయేసరికి మెల్లగా సున్నకు దగ్గరపడితే అంతా బాగున్నట్టు. గంట గడిచినా పైనే ఉంటే రెగ్యులేటర్ సెట్టింగ్ ఎక్కువైనా అయి ఉండాలి, బ్యాటరీలో ఒక సెల్ అయినా పోయి ఉండాలి. ముల్లు అదేపనిగా వణుకుతుంటే బ్రష్‌లు అరిగాయనో, తీగ వదులైందనో అర్థం. ఎంత తొక్కినా మైనస్ వైపే ఉంటే బెల్టు తెగిందేమోనని బండి ఆపి చూసేవారు. బెల్టు తెగితే చార్జింగ్‌తో పాటు ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల పంపు, ఫ్యాను కూడా ఆగిపోతాయి.

ఈ బలహీన చార్జింగ్‌కు తగ్గ అలవాట్లు డ్రైవర్లందరికీ ఉండేవి. రాత్రివేళ రైల్వే గేటు దగ్గర బండి ఆగితే హెడ్‌లైట్లు ఆర్పేసేవారు. బ్యాటరీ మీద అనుమానముంటే ఇంజిన్ ఆపకుండా టీ తాగేవారు. పొద్దున సెల్ఫ్ అందుకోదనిపిస్తే ముందు రోజు రాత్రే బండిని వాలు మీద నిలిపి చక్రం కింద రాయి పెట్టేవారు. పెట్రోలు బండ్లకు ముందువైపు హ్యాండిల్ కొట్టే వీలుండేది. బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచి హ్యాండిల్ పట్టుకోవాలన్నది క్లీనరు నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి. ఇంజిన్ ఎదురు తన్నితే హ్యాండిల్ వెనక్కి తిరిగి వేలు విరిగేది. అదీ కుదరకపోతే నలుగురు తోస్తే సెకండ్ గేరులో క్లచ్ వదిలి స్టార్ట్ చేయడమే.

గ్రావిటీ గొట్టం

వోల్ట్ మీటర్ చెప్పని సంగతి హైడ్రోమీటర్ చెప్పేది. షాపుల్లో ఈ పరీక్షను గ్రావిటీ చూడటం అనేవారు. గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న గాజు కాడ. బుడ్డి నొక్కి వదిలితే సెల్‌లోని యాసిడ్ గొట్టంలోకి వస్తుంది, కాడ ఎంత లోతు మునిగిందో చూసి సాంద్రత చదువుతారు. బ్యాటరీ వాడకంలో గంధకామ్లం ప్లేట్లలోకి చేరి యాసిడ్ పల్చబడుతుంది, చార్జింగ్‌లో మళ్లీ చిక్కబడుతుంది. కాబట్టి సాంద్రతే నిల్వ లెక్క.

చల్లని దేశాల పట్టికల్లో నిండు బ్యాటరీకి 1.270 నుంచి 1.290, సగానికి 1.200 అటూ ఇటూ, ఖాళీకి 1.110 నుంచి 1.130 అని ఉండేది. ఎండ దేశాలకు అంత చిక్కని యాసిడ్ పనికిరాదు. వేడికి తోడు చిక్కదనం కూడా ఉంటే ప్లేట్లూ సెపరేటర్లూ త్వరగా దెబ్బతింటాయి. అందుకని వేడి ప్రాంతాలకు నిండు గ్రావిటీని 1.210 నుంచి 1.230 దాకానే పెట్టిన పట్టికలుండేవి. షాపుల్లో దశాంశం వాడుకలో లేదు. పన్నెండొందల నలభై, పన్నెండొందల యాభై అనేవారు. యాసిడ్ వేడిగా ఉన్నప్పుడు అంకె తక్కువ చూపిస్తుంది. పది డిగ్రీలకు 0.007 చొప్పున కలుపుకోవాలి.

ఆరు సెల్స్‌లో ఐదు ఒక అంకె దగ్గర, ఒకటి బాగా కింద ఉంటే జబ్బు ఆ ఒక్క సెల్‌లోనే ఉందన్నమాట. ఆరూ కిందే ఉంటే బ్యాటరీలో దోషం లేదు, బండి చార్జింగ్ చాలడం లేదు. బ్యాటరీని తిట్టాలా, కటౌట్ పెట్టెను విప్పాలా అన్నది ఈ గొట్టమే తేల్చేది.

సెల్స్‌లో తగ్గేది నీరు. అందుకని పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే, యాసిడ్ కాదు. గ్రావిటీ తగ్గిందని యాసిడ్ పోసేవారి బ్యాటరీలు నాలుగు రోజులు చురుగ్గా ఉండి ఆ తర్వాత శాశ్వతంగా పడుకునేవి. బోరు నీళ్లలోని ఉప్పు, ఇనుము ప్లేట్లను చెడగొడతాయి. డిస్టిల్డ్ వాటర్ దొరకని పల్లెల్లో శుభ్రమైన పాత్రలో పట్టిన వాన నీటిని సీసాల్లో దాచుకునేవారు. టెర్మినళ్ల మీద పేరుకునే తెల్లని, పచ్చని చిలుమును వేడినీళ్లతో కడిగి, ఆరాక గ్రీజు పూయడం వారం వారం చేసే పని.

చార్జింగ్ షాపు

బస్టాండు దగ్గర, లారీలు ఆగే చోట, మార్కెట్ యార్డు ఎదురుగా రేకుల షెడ్డులో చార్జింగ్ షాపు ఉండేది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇలాంటివి వరసగా కనిపించేవి. గోడకు రెక్టిఫయర్, దాని మీద పెద్ద మీటర్లు, కింద చెక్క పలకల మీద బార్లు తీర్చిన బ్యాటరీలు. బ్యాటరీని నేల మీద పెడితే చార్జింగ్ దిగిపోతుందన్న నమ్మకం గట్టిది. చెక్క పెట్టెల కాలంలో తేమ నేలతో అలాంటి నష్టం నిజంగానే ఉండేది. రబ్బరు పెట్టెలు వచ్చాక కారణం పోయినా పలకలు పోలేదు.

రెక్టిఫయర్ పని ఇంటి ఏసీ కరెంటును డీసీగా మార్చడం. తొలినాళ్లలో గాజు బుడ్డి రెక్టిఫయర్లు, తర్వాత సెలీనియం పలకలవి, ఆ పైన సిలికాన్ డయోడ్లవి వచ్చాయి. బ్యాటరీలను ఒకదాని ప్లస్‌ను మరొకదాని మైనస్‌కు కలుపుతూ వరసగా పెట్టేవారు. వరసలో ఉన్నవాటన్నిటిలోనూ ఒకే కరెంటు పారుతుంది. ఆ కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు ఉండాలన్నది నియమం. 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి 6 ఆంపియర్లు. చిన్న స్కూటరు బ్యాటరీనీ పెద్ద లారీ బ్యాటరీనీ ఒకే వరసలో పెడితే చిన్నదానికి తగ్గ కరెంటే ఇవ్వాలి, లేకుంటే అది కాగిపోతుంది. అందుకే షాపులో చిన్నవాటి వరస వేరు, పెద్దవాటి వరస వేరు.

పెట్టె పక్కన సుద్దముక్కతో బండి నంబరో, ఊరి పేరో రాసేవారు. పొద్దున ఇచ్చిన బ్యాటరీ మర్నాటికి గానీ చేతికొచ్చేది కాదు, కరెంటు కోతలుంటే ఇంకో రోజు. అన్ని సెల్స్ సమంగా బుడగలు వదులుతూ, గంట గంటకూ చూసిన గ్రావిటీ మూడుసార్లు వరసగా ఒకే అంకె దగ్గర నిలిస్తే నిండినట్టు. తొందరపెట్టేవారికి ఎక్కువ కరెంటుతో త్వరగా నింపి ఇచ్చేవారూ ఉండేవారు. వేడికి ప్లేట్లు వంగి, వాటి మీది పొడి రాలి అడుగున చేరి, ఆ బ్యాటరీ మళ్లీ త్వరగానే షాపుకొచ్చేది.

కొత్త బ్యాటరీకి మొదటి చార్జింగ్ ఒక తంతులా జరిగేది. చాలా బ్యాటరీలు యాసిడ్ లేకుండా పొడిగానే షాపుకు వచ్చేవి. గాఢ గంధకామ్లాన్ని సుమారు మూడు పాళ్ల నీళ్లలో కొద్దికొద్దిగా పోస్తూ కలిపేవారు. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోస్తే ఆ వేడికి ఎగజిమ్మి ముఖం మీద పడుతుంది. కలిపిన యాసిడ్ చల్లారాక సెల్స్ నింపి, ప్లేట్లు పీల్చుకునేదాకా ఆగి, తక్కువ కరెంటుతో రెండు మూడు రోజులు ఎక్కించేవారు. ఇది సరిగ్గా జరిగితేనే బ్యాటరీ నాలుగు కాలాలు ఉంటుందని అందరి మాట.

షెడ్డులో బీడీ నిషిద్ధం. పైకి లేచే హైడ్రోజన్‌కు చిన్న రవ్వ చాలు, బ్యాటరీ పగిలి యాసిడ్ చిమ్ముతుంది. తీగ తీసేముందు స్విచ్ ఆపాలన్న కట్టుబాటు కూడా అందుకే. ఇన్ని జాగ్రత్తల మధ్యా పనివాళ్ల చొక్కాలు జల్లెడలయ్యేవి, వేళ్ల సందులు పుండ్లయ్యేవి. సీసపు పొడి, ఆవిరి కలిగించే హాని కంటికి కనిపించదు కాబట్టి దాన్ని లెక్కచేసినవారు తక్కువ.

బండి దిగిన బ్యాటరీ

కరెంటు లేని ఊళ్లలో, ఉన్నా నిలకడ లేని ఊళ్లలో, బండి బ్యాటరీ బండి పనితో ఆగేది కాదు. పెళ్లిళ్లకు, జాతరలకు, ఎన్నికల ప్రచారానికి మైక్‌సెట్‌వాళ్లు 12 వోల్టుల మీద నడిచే యాంప్లిఫయర్లు వాడేవారు. నాటకం తెల్లవారుజాము దాకా సాగాలంటే రెండో బ్యాటరీ సిద్ధంగా ఉండాలి. గొంతు గరగరలాడితే ఆర్గనైజరు ముందుగా చూసేది నటుణ్ని కాదు, బ్యాటరీని.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో మొదలైంది. 1980ల మధ్యకు రిలే కేంద్రాలు పెరిగి టీవీ పల్లెకు చేరింది. 1987 జనవరిలో ఆదివారం ఉదయాల్లో రామాయణం సీరియల్ మొదలయ్యాక, సరిగ్గా ఆ వేళకు కరెంటు పోవడం ఊరంతటి సమస్య అయింది. చిన్న బ్లాక్ అండ్ వైట్ సెట్లలో కొన్నిటికి 12 వోల్టుల బ్యాటరీ తగిలించే వీలుండేది. ట్రాక్టరు బ్యాటరీ విప్పి పంచాయతీ అరుగు మీదికి తెస్తే ఎపిసోడ్ అవలీలగా నడిచేది. సోమవారం ఆ బ్యాటరీ సైకిలు క్యారియర్ మీద, ట్యూబు ముక్కతో బిగించి, చార్జింగ్ షాపుకు ప్రయాణమయ్యేది.

బ్యాటరీకి మాత్రం ఇది మేలు చేసే పని కాదు. స్టార్టింగ్ బ్యాటరీ ప్లేట్లు పల్చగా ఉంటాయి. కొద్ది క్షణాలు వందల ఆంపియర్లు ఇచ్చి వెంటనే నిండడానికే అవి తయారయ్యాయి. గంటల తరబడి మెల్లగా ఖాళీ చేసి, రోజుల తరబడి అలాగే ఉంచితే ప్లేట్ల మీద సీసపు సల్ఫేట్ గట్టిపడి చార్జింగ్ ఎక్కదు. అలాంటి బ్యాటరీని షాపులో తక్కువ కరెంటు మీద రోజుల తరబడి పెట్టి దారికి తేవడానికి ప్రయత్నించేవారు. కొన్ని బతికేవి.

ఆల్టర్నేటర్, సీల్డ్ బ్యాటరీ

అమెరికాలో 1960 ప్రాంతంలోనే కార్లకు ఆల్టర్నేటర్ బిగించడం మొదలైంది. భారతదేశంలో 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కాక అది మధ్యతరగతి కార్లలోకి విరివిగా వచ్చింది. ఆల్టర్నేటర్ ఏసీ పుట్టిస్తుంది, లోపలి సిలికాన్ డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. డయోడ్లు కరెంటును వెనక్కి పారనివ్వవు కాబట్టి కటౌట్ అక్కర్లేకపోయింది. ఇంజిన్ నిదానంగా తిరుగుతున్నా చార్జింగ్ వస్తుంది కాబట్టి రైల్వే గేటు దగ్గర లైట్లు ఆర్పే పని తప్పింది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ 14 వోల్టుల అటూ ఇటూ స్థిరంగా పట్టుకుంటుంది. దానికి తిప్పే స్క్రూ లేదు. పాడైతే మార్చడమే.

పాత పనివాళ్లకు ఈ మార్పు ఒక కొత్త చిక్కు తెచ్చింది. డైనమో పనిచేస్తోందో లేదో తేల్చడానికి నడుస్తున్న ఇంజిన్‌లో బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి చూసే అలవాటు చాలామందికి ఉండేది. ఆల్టర్నేటర్ బండిలో అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డయోడ్లు, రెగ్యులేటర్ కాలిపోతాయి. అయస్కాంత దిశ నిలపడానికి రవ్వ పుట్టించే పద్ధతికీ అదే ఫలితం. దశాబ్దాలు పనికొచ్చిన చేతి అలవాటును మానుకోవడం కొత్తది నేర్చుకోవడం కంటే కష్టమైంది.

తర్వాతి దెబ్బ చార్జింగ్ షాపుకు. సీసంలో ఆంటిమొనీ బదులు కాల్షియం కలిపితే నీరు తగ్గడం చాలావరకు ఆగుతుంది. ఆ పద్ధతిలో తయారైన, నీళ్లు పోయనక్కర్లేని బ్యాటరీలు 1990లలో, ఆ తర్వాత మార్కెట్‌ను ఆక్రమించాయి. తిరుపతి దగ్గర కరకంబాడిలో ఫ్యాక్టరీ ఉన్న అమరరాజా 2000లో అమరాన్ పేరుతో వాహనాల బ్యాటరీని విడుదల చేసింది. తారు మూతల స్థానంలో అతికేసిన ప్లాస్టిక్ మూత వచ్చింది. సెల్ పట్టీలు లోపలికి పోయాయి. హైడ్రోమీటర్ దూర్చే రంధ్రం ఉండదు, ఒక సెల్‌ను విడిగా పరీక్షించే దారి ఉండదు, ప్లేట్లు మార్చే మాటే లేదు. గ్యారంటీ కాలంలో పోతే కొత్తది ఇస్తారు, తర్వాత పోతే పాతది ఇచ్చి కొత్తది కొనుక్కోవాలి. పాత బ్యాటరీలను తిరిగి సేకరించడం 2001 నాటి కేంద్ర నిబంధనలతో అమ్మకందారు బాధ్యత అయింది. పెరట్లో పెట్టెలు పగలగొట్టి సీసం కరిగించడాన్ని ఆపాలన్నది వాటి ఉద్దేశాల్లో ఒకటి.

అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగేనాటికి దానికీ ఎప్పుడో ఆల్టర్నేటర్ వచ్చేసింది. డైనమో చుట్టే పనివాళ్లు మోటారు వైండింగ్ వైపు మళ్లారు. చార్జింగ్ షాపుల్లో చాలావరకు బ్యాటరీల డీలర్‌షిప్పులుగానో, ఇన్వర్టర్ దుకాణాలుగానో మారాయి. నీళ్లు పోసే బ్యాటరీలు ఇన్వర్టర్లలో, ఈ-రిక్షాల్లో ఇంకా ఉన్నాయి కాబట్టి గ్రావిటీ గొట్టం పూర్తిగా మూలపడలేదు.

మిగిలిన సెట్టింగ్

చార్జింగ్ సెట్టింగ్ లేకుండా పోలేదు, కంప్యూటరులోకి పోయింది. కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉండి బ్యాటరీలోకి వచ్చే కరెంటును, పోయే కరెంటును, వోల్టేజిని, వేడిని కొలుస్తుంది. ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు ఆ లెక్కను బట్టి వోల్టేజిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. బండి వేగం తగ్గేటప్పుడు ఎక్కువ ఎక్కించి, వేగం పుంజుకునేటప్పుడు ఇంజిన్ మీద బరువు పడకుండా దించుతుంది. అలాంటి బండిలో మీటరు ఒకసారి 14.8, మరోసారి 12.8 చూపించినా రెండూ సరైనవే కావచ్చు. కొన్ని కార్లలో బ్యాటరీ మార్చాక కొత్తదాని రకం, సామర్థ్యం స్కానర్‌తో కంప్యూటరుకు తెలపాలి. లేకపోతే అది పాత బ్యాటరీ లెక్కతోనే చార్జింగ్ చేస్తుంది.

ఎండను, బండి చేసే పనిని, బ్యాటరీ వయసును చూసి వోల్టేజి నిర్ణయించడమన్న సూత్రం కటౌట్ పెట్టె నాటిదే. అప్పట్లో ఆ మూడింటినీ డ్రైవరు చెబితే ఎలక్ట్రీషియన్ విని, చార్జింగ్ షాపువాడు గొట్టంలో చూసి ఖాయం చేసేవాడు. ఇప్పుడు సెన్సర్ చెబితే కంప్యూటరు వింటుంది. పని మరింత కచ్చితంగా, యాసిడ్ గాయాలు లేకుండా జరుగుతోంది. బండి యజమానికి మిగిలింది డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ. అది ఎర్రగా వెలిగితే సర్వీస్ సెంటరుకు ఫోన్ చేయాలి.